కాగితంలో రెండో లైను

రెండు వేళ్ల వెడల్పు కాగితం ముక్కను తొమ్మిదేళ్లుగా మోస్తున్నాను. మిరపకాయల టిక్కీ బస్తా అయితే మిర్చి యార్డులో ఎవరో ఒకరు దించుకుంటారు. దీన్ని ఎక్కడ దించాలో తెలియలేదు. మోస్తున్నానంటే ఏ పెట్టెలోనో దాచుకున్నాననుకునేరు. అంత సినిమా లేదు. ఆ రోజే నమిలి మింగేశాను. అరిగిపోయిందనే అనుకున్నాను.

మీరెవరో నాకు తెలియదు, అందుకే మీకు చెబుతున్నాను. తెలిసినవాళ్లకు చెబితే నవ్వుతారు. నేను నోరు తెరిస్తే నవ్వడం మా ఊళ్లో అలవాటు.

మాది పొదిలి దగ్గర ఊరు. హైస్కూల్లో అబ్బాయిలం, అమ్మాయిలు ఒకే గదిలో కూర్చునేవాళ్లం, మధ్యలో మనిషి నడిచేంత దారి. ఇటు నుంచి అటు రబ్బరు ముక్క కూడా వెళ్లేది కాదు. కలిపి కూర్చోబెట్టి, కలవకూడదని నేర్పారు. క్లాసులో వాగే అబ్బాయికి ఒకటే శిక్ష: అమ్మాయిల బెంచీలో కూర్చోవడం. క్లాసంతా 'హో' అనేది. బెత్తం దెబ్బ కన్నా అదే ఎక్కువ సిగ్గు. తన పక్కన కూర్చోవడమే శిక్ష అయితే, ఆ అమ్మాయికి ఎలా ఉంటుంది? ఈ ప్రశ్న అప్పుడు నాకు రాలేదు. సార్లకూ రాలేదు.

పదో తరగతిలో వారానికి మూడుసార్లు ఆ శిక్ష అనుభవించాను. పక్కన ఎప్పుడూ ఆమే. పేరు రాయను, ఒకసారి వాడుకున్నది చాలు. వాళ్ల నాన్న ఆదివారం చర్చిలో గంట కొట్టేవాడు, మిగతా రోజులు మా చేలో మిరప కోతకు వచ్చేవాడు. ఆమెకు లెక్కలంటే ప్రాణం. నాకు ప్రాణభయం. నా జోకులకు నవ్వేది కాదు. "అది సర్లే, ఈ స్టెప్పు చూడు" అని నోటు పుస్తకం ఇటు జరిపేది. లెక్క అర్థం కావడం అంటే ఏమిటో అక్కడే తెలిసింది. పోనుపోనూ కావాలనే వాగి, కావాలనే శిక్ష వేయించుకున్నాను. ప్రేమా? అంత లేదు. లెక్కలు వస్తున్నాయి, అంతే. అంతేనా? ఇంకొంచెం ఏదో ఉందేమో, దానికి పేరు పెట్టే హక్కు ఇప్పుడు నాకు లేదు.

ఒక సాయంత్రం బెల్లు కొట్టాక ఆమె చీటీ ఇచ్చింది. రెండు లైన్లు. మర్నాడు నా స్నేహితుడు అందరి ముందూ పట్టుకున్నాడు: "ఏరా, కావాలనే వాగుతున్నావు కదా? అమ్మాయిల బెంచీ మరిగావురా నువ్వు!" నలుగురు చేరి నవ్వారు. నవ్వించేవాణ్ని నేను, నా మీద నవ్వితే ఏం చేయాలో తెలియదు. జేబులోనే చీటీని మడత దగ్గర చింపి, పై ముక్క మాత్రం తీశాను.

"నేను కాదురా. ఆ పిల్లే రమ్మంటోంది."

ముక్క మీద ఇంతే ఉంది: 'రేపు కూడా ఇక్కడే కూర్చో.'

మధ్యాహ్నానికల్లా అది హెడ్మాస్టరు బల్ల మీదకు చేరింది. నాకు పిలుపొచ్చింది. వరండాలో నడుస్తూ రెండో ముక్క నమిలాను. లోపల ఆమె, పక్కన వాళ్ల నాన్న. చేలోంచి నేరుగా వచ్చాడు. మిరప ఘాటుతో, కళ్లు తుడుచుకోవడానికి కూడా పనికిరాని చేతులు.

"కింద ఇంకో లైను ఉంది సార్," అంది ఆమె.

హెడ్మాస్టరు నా వైపు తిరిగాడు. "ఉందారా?"

"లేదు సార్. ఇంతే."

ఆమె నన్ను చూసింది. నేను తప్పు స్టెప్పు వేసినప్పుడు చూసినట్టే.

"మా పిల్లదే తప్పండి. తీసుకుపోతానండి," అన్నాడు వాళ్ల నాన్న. మర్నాడు ఆయన కోతకు రావాల్సింది మా చేలోకే. హెడ్మాస్టరు నమ్మింది నా మాటను అనుకోను, మా నాన్న పొలాన్ని.

పబ్లిక్ పరీక్షలకు రెండు నెలలుంది. ఆమె రాయలేదు. వేటపాలెంలో పిన్ని ఇంటికి పంపారు, జీడిపప్పు పొట్టు తీసే పనికి. నేను పాసయ్యాను. లెక్కల్లో కూడా.

బడి మాత్రం గుణపాఠం నేర్చుకుంది. అప్పటి నుంచి అమ్మాయిలకు ఒక గది, అబ్బాయిలకు ఒక గది.

కిందటి నెల తల్లిదండ్రుల మీటింగుకు మా అన్న బదులు వెళ్లాను. అన్న కూతురు అక్కడే తొమ్మిది చదువుతోంది. లెక్కల సారు ఒక్కరే, అమ్మాయిల గదికి వారానికి రెండు రోజులే వస్తున్నారు, మళ్లీ అందరినీ కలిపి కూర్చోబెడదామని కొత్తగా వచ్చిన హెడ్మాస్టరు మేడం అడిగింది. ఒక పెద్దాయన లేచాడు. "గంట కొట్టే ఆయన కూతురి సంగతి మీకు తెలీదు మేడం. కలిపితే అంతేనమ్మా." తలలన్నీ ఊగాయి. విడిగా ఉంచితే మంచిదా, కలిపితే మంచిదా, నేను చెప్పలేను. మా ఇద్దరి మధ్య గోడ లేనప్పుడే నేనా పని చేశాను; ఉంటే దాని మీద ఇంకేదో రాసేవాణ్నేమో. కానీ వాళ్లు రుజువుగా చూపిస్తున్నది అసలు జరగనే లేదని అక్కడ నాకొక్కడికే తెలుసు. వీడేమంటాడోనని అందరూ నా వైపు చూశారు.

"నన్ను చూశాక కూడా కలుపుదామంటారేంటి మేడం?" అన్నాను.

అందరూ నవ్వారు. గదులు రెండుగానే ఉన్నాయి.

ఇంటికొస్తే మా అన్న కూతురు మెట్ల మీద కూర్చుని రాని లెక్క కొట్టేస్తోంది. "బాబాయ్, ఇది నీకొచ్చా?" వచ్చు. చెప్పాను. ఆ స్టెప్పు ఎవరు నేర్పిందో చెప్పలేదు.

వేటపాలెం రెండు బస్సుల దూరం. వెళ్లలేదు. వెళ్లి ఏమనాలి? క్షమించమంటే ఆమెకు ఇంకో పని పెట్టినట్టే. అందుకని హెడ్మాస్టరు ఆ రోజు అడిగినదానికే ఇక్కడ జవాబు రాస్తున్నాను.

ఉంది సార్. కింద ఇంకో లైను ఉంది. 'ఎనిమిదో లెక్క నీకింకా రాలేదు.'