పెద్దనాన్న అక్షరాలు, పెద్దమ్మ అనుమానం

మొన్న పొద్దున మేనమామ ఫోన్ చేసి, "అక్క పోయింది బిడ్డా" అన్నాడు. నాకు ఏడుపు రాలేదు. "ఎవరు చెప్పిన్రు? డాక్టర్ సరిగ్గ చూసిండా?" అని అడిగాను. మామ, "అచ్చం అక్క లెక్కనే అడుగుతున్నవ్" అని ఏడ్చాడు.

మామ అన్న అక్క మా పెద్దమ్మ, మా అమ్మకూ అక్కే. జహీరాబాద్‌లో పెళ్లిపత్రికలు వేసే దుకాణం ఆమెది. పెద్దనాన్న పోయాక ఒక్కతే నడిపింది. ఆమెకు ప్రతిదీ అనుమానమే. అచ్చుకు ముందు సరిచూసుకోమని ప్రూఫ్ చేతికిస్తే జనం "మంచిగున్నది" అని లేచిపోతారు. ఆమె పోనిచ్చేది కాదు. "కండ్లతోని చూసుడు కాదు, నోటితోని చదువున్రి" అని కూర్చోబెట్టేది. పిల్ల తరఫున ఒకరు, పిలగాడి తరఫున ఒకరు గట్టిగా చదవాల్సిందే. న్యాల్‌కల్ నుంచి వచ్చిన ఒక పెళ్లికూతురి తండ్రి విసుక్కుంటూ చదివి, చివరికి సొంత బావమరిది పేరే పడలేదని చూసి నోరు వెళ్లబెట్టాడు. ఆ పత్రిక అలాగే పంచి ఉంటే పెళ్లికూతురి మేనమామ పందిట్లో అడుగు పెట్టేవాడా? "పత్రిక ఒక పూట ఆగితె ఏంగాదు, పీటల మీద పెండ్లి ఆగితె ఎట్ల?" అనేది పెద్దమ్మ.

ఆ మధ్య దుకాణంలోని కంప్యూటర్ ముసలిదైపోయింది. ఆన్ చేసి, బయటికెళ్లి టీ తాగి వచ్చినా తెర మీద చక్రం తిరుగుతూనే ఉండేది. పైగా లోపలి హార్డ్ డిస్కు టక్ టక్‌మనడం మొదలుపెట్టింది. పెద్దనాన్న తన చేత్తో గీసి తయారుచేసిన తెలుగు అక్షరాలు అందులోనే ఉన్నాయి. ఆయన ఎక్కించిన పాత సాఫ్ట్‌వేర్‌లో తప్ప అవి తెరుచుకోవు. దాని సీడీ ఎప్పుడో పోయింది. డిస్కు ఆగిపోతే ఆ అక్షరాలు ఇక లేనట్టే. అందుకే ఆపరేటింగ్ సిస్టమ్ కొత్తగా ఎక్కించకుండా, ఉన్నదున్నట్టు కొత్త రకం డిస్కు అయిన ఎస్‌ఎస్‌డీలోకి మార్చేద్దామని హైదరాబాద్ నుంచి ఒకటి కొని తెచ్చాను.

పెద్దమ్మ దాన్ని చేతిలోకి తీసుకుని ఊపి చూసింది. "గింత అల్కగున్నది. లోపల ఏమన్న ఉన్నదా, ఖాళీ డబ్బ అంటగట్టిన్రా?"

"లోపల తిరిగే సామాన్ ఉండదు పెద్దమ్మా, అందుకే అల్క."

"తిరగకుంట ఎట్ల పనిచేస్తది?" అని నా వైపు కూడా అనుమానంగానే చూసింది.

కాపీ అయ్యేసరికి సాయంత్రమైంది. మళ్లీ ఆన్ చేస్తే తెర వచ్చింది. "అయిపోయింది, ఇగ పాతదాన్ని తుడిచేస్త" అన్నాను. పెద్దమ్మ వంగి కంప్యూటర్ డబ్బాకు చెవి ఆనించింది. "జర ఆగు. పాతది ఇంక టక్ టక్ అంటనే ఉన్నది. అది ఎందుకు తిరుగుతున్నట్టు? దాని వైరు పీకి చూపియ్యి."

పీకి ఆన్ చేశాను. బూట్ కావడానికి, అంటే కంప్యూటర్ లేవడానికి, డిస్కు ఏదీ లేదని నల్లటి తెర మీద ఒక వాక్యం వచ్చింది. అంటే ఇందాక లేచింది పాత డిస్కే. లేచింది కొత్తదనీ, పక్కన కనిపించే రెండోది పాతదనీ అనుకుని నేను తుడవబోయింది, కాపీ ఎక్కించిన కొత్తదాన్ని! సిస్టమ్‌ను మొదట లేపే భాగం డిస్కులో విడిగా, చిన్నగా, పేరు లేకుండా ఉంటుంది. పనికిరానిదనుకుని దాన్ని కాపీ చేయకుండా వదిలేశాను. ఆ సంగతి చెబితే, "చిన్నోళ్లను ఇడిసిపెడితె గిట్లనే అయితది" అంది.

మర్నాడు మళ్లీ మొదలుపెట్టాం. పాత డిస్కు ఇంకోసారి అంతసేపు తిరుగుతుందో లేదో తెలియదు. ఆమె అన్నానికి కూడా లేవలేదు. అది టక్‌మన్నప్పుడల్లా నా చెయ్యి పట్టుకునేది. ఇన్నేళ్లూ నేను అనుమానం అనుకున్నది నిజానికి భయమని నాకు అప్పుడే తెలిసింది.

ఈసారి పాత డిస్కు ఊడదీసి ఆమె ఒళ్లో పెట్టాకే ఆన్ చేశాను. టీ మాట దేవుడెరుగు, కుర్చీ జరుపుకునేలోపే తెర వచ్చింది. "సప్పుడే లేదు గదా, బతికే ఉన్నదా?" అంది. పెద్దనాన్న అక్షరాలు తెరిపించి, ఒక్కొక్కటీ గట్టిగా చదివింది. "ఉన్నయ్. అన్ని ఉన్నయ్" అని కొంగుతో కళ్లు తుడుచుకుంది. అయినా పాత డిస్కు నాకు తిరిగివ్వలేదు. "నమ్మకం మంచిదే బిడ్డా, తాళం గూడ మంచిదే" అని బీరువాలో పెట్టుకుంది.

నిన్న ఆమె దశదినకర్మ పత్రిక నేనే తయారు చేశాను. ఊళ్లో ఎందరి పేర్లో ఆ అక్షరాల్లో అచ్చువేసిన మనిషి పేరు, వాటిలో పడడం ఇదే మొదటిసారి. మామను పక్కన కూర్చోబెట్టుకుని గట్టిగా చదివాను. ఎక్కడో ఒకచోట తప్పు దొరికితే బాగుండుననిపించింది. మామ కూడా చదివాడు. తప్పేమీ లేదు. పెద్దనాన్న గీసిన గుండ్రటి అక్షరాల్లో పెద్దమ్మ పేరు, దాని ముందు కీ.శే. అని, తెర మీద అలాగే ఉంది.