వడ్డాణం అరలో పచ్చకాగితం

పోయిన వారం మా కోడలు కత్తెర కోసం ఇల్లంతా గాలించింది. నంద్యాలలో మేముండేది మూడు గదుల ఇల్లు, గాలించడానికి పెద్దగా చోటు లేదు గానీ, ఆ మూడు గదుల్లోనూ రంగుకాగితాలు, జిగురు సీసాలు, సన్నగా చుట్టిన కాగితపు పట్టీలు పరుచుకుని ఉన్నాయి. పగలంతా ఉద్యోగం చేసి వచ్చి, సాయంత్రం కూర్చుని కాగితంతో పూలూ బొమ్మలూ చేయడం ఆ అమ్మాయికి సరదా. చేయి మంచిదే. ఫోనులో చూసి నేర్చుకుంటుంది, సర్దుకోవడానికని ఆన్‌లైన్‌లో ప్లాస్టిక్ బుట్టలు కూడా తెప్పించింది. కత్తెర చివరికి బియ్యం డబ్బా మీద దొరికింది. "ఏంది మామా, పెట్టిన చోటు నాకే గుర్తుండదు" అని నవ్వింది. ఆ నవ్వు విన్నప్పుడు నాకు మా మేనత్త గుర్తొచ్చింది.

నా వయసువాళ్ళకు చెబితే అర్థమవుతుంది, ఒక పెద్ద ఇల్లు పోయాక కూడా ఆ ఇంటి పేరు కొంతకాలం నడుస్తూనే ఉంటుంది. ఆళ్ళగడ్డ పక్కనే ఉన్న మా ఊళ్ళో పొలాలు పోయాయి, మేడ పోయింది, మేము ఆళ్ళగడ్డలో ఒక అద్దె వాటాలోకి మారాము. నాయన మాత్రం నడక మార్చలేదు, తల దించలేదు. అప్పటికి మాకు మిగిలిన గౌరవం ఒక్కటే. పారువేటకు, అంటే సంక్రాంతి తర్వాత ఊరూరా తిరిగే వేట ఉత్సవానికి, బయలుదేరిన అహోబిలం స్వామి పల్లకి మా ఊరికి వచ్చినప్పుడు, దాన్ని దించే అరుగు మీద పూలపందిరి మా ఇంటివాళ్ళే వేయాలి. తాతల నాటి నుంచి వస్తున్న హక్కు అది. ఒకప్పుడు పూలు బండ్ల మీద వచ్చేవి. ఆ సంవత్సరం ఒక్క గంపెడు కూడా తెప్పించే స్థితి లేదు.

ఆ సంగతి ఊళ్ళో అందరికీ తెలుసు. ఒకరోజు ఊరి పెద్దమనిషి మా వాటాకు వచ్చి, కూర్చోకుండానే, "ఏమప్పా, ఈ యేడు పందిరి మీతో అవుతాదా, లేకుంటే మిల్లాయనకు చెప్పమంటావా?" అన్నాడు. మిల్లాయన అంటే కొత్తగా బియ్యం మిల్లు పెట్టి పైకొచ్చినవాడు, ఆ హక్కు మీద అప్పటికే కన్నుంది. నాయన "మేము బతికుండంగా పందిరి ఇంకొకరెయ్యరు" అని మాత్రం అన్నాడు. ఒకసారి హక్కు చేయి మారితే తిరిగి రాదని మాకందరికీ తెలుసు.

అప్పుడు మా అత్త, అంటే నాయన చెల్లెలు, చిన్న వయసులోనే భర్త పోయి మా ఇంటికే వచ్చి ఉండిపోయిన మనిషి, లోపలి గదిలోంచి నన్ను పిలిచింది. నేను అప్పుడు నంద్యాలలో ఒక ప్రింటింగు ప్రెస్సులో కొత్తగా పనికి చేరి, వారానికొకసారి బస్సులో ఇంటికి వచ్చేవాణ్ణి. "మీ ప్రెస్సులో కత్తిరించినాక మిగిలే రంగు కాగితాలు యాడ పారేస్తారురా?" అని అడిగింది. పొయ్యిలోకి పోతాయన్నాను. "ఇంగ పోనియ్యొద్దు" అంది.

మా ఇంటివాడెవడూ అంతకుముందు ఒకరి ముందు నిలబడి ఏదీ అడిగి ఎరగడు. ప్రెస్సు యజమానిని చెత్తకాగితం అడగడానికి నాకు రెండు రోజులు పట్టింది. ఆయన తలెత్తకుండానే తీసుకుపొమ్మన్నాడు. పెండ్లికార్డుల పసుపు, కరపత్రాల గులాబీ, పుస్తకాల అట్టల పచ్చ, అన్నీ సంచిలో కూరుకుని, పుస్తకాలు కుట్టే సన్నతీగ తుంటలు కూడా ఏరుకుని తీసుకుపోయాను.

ఆ రంగులన్నీ అత్త ఎక్కడ సర్దిందో చెప్పాలి. మా ఇంట్లో ఒక నగల పెట్టె ఉండేది. టేకు చెక్క, లోపల ఎర్ర మఖమలు, ఒక్కో నగకు దాని ఆకారంలోనే తొలిచిన అర. నగలు ఎప్పుడో వెళ్ళిపోయాయి. పెట్టె ఖాళీ అని తెలియకూడదని నాయన తాళం వేసి, పది మందికీ కనిపించేలా అటక అంచున పెట్టేవాడు. అత్త దాన్ని దింపి, తాళం తీసి, దుమ్ము దులిపి, కాసులపేరు అరలో పసుపు రెక్కలు, జడబిళ్ళ గుంటలో మొగ్గలు, వంకీల అరల్లో కత్తెర, తీగ, వడ్డాణం అరలో పొడుగ్గా కత్తిరించిన పచ్చకాగితం పెట్టింది. అరలను మాత్రం పాతపేర్లతోనే పిలిచేది. "వడ్డాణంలో పచ్చది అయిపోయింది, కాసులపేరు నిండింది" అంటూ పనిచేసేది. నాయన మొదట ఆ పెట్టె వైపు చూసేవాడు కాదు, తర్వాత తానే "వంకీల్లో తీగ లేదే" అని వెతకడం విన్నాను.

ఒక రకం పూర్తయ్యేదాకా ఇంకో రంగు ముట్టేది కాదు. సాయంత్రం పని ఆపేముందు నేల మీద ఒక్క తునక మిగలనిచ్చేది కాదు. "యాడ తీసింది ఆడ పెట్టకపోతే చెయ్యి పని మానేస్తాదిరా, కండ్లే వెతుక్కుంటా కూచుంటాయి" అనేది. అట్లా సర్దుకున్న చోటే ఆమెకు కొత్త ఊహలు పుట్టేవి. చామంతి రెక్కను గోటితో దువ్వి వంపు తిప్పడం, గులాబీ అంచును తడివేలితో మెలిపెట్టడం ఆమె ఎవరి దగ్గరా నేర్చుకోలేదు.

అయితే ఒక పొరపాటు జరిగింది. చలికాలం కదా, మంచుకు ఆగుతాయో లేదో చూద్దామని ఒక దండను రాత్రి పెరట్లో దండెం మీద వేలాడదీసింది. అదే దండెం మీద పందిరి రోజు కట్టుకోవడానికని ఉతికి ఆరేసిన నాయన పట్టంచు పంచె ఉంది. తెల్లారి చూస్తే పంచె మీద ఎర్రటి చారలు. ఉన్న మంచి పంచె అదొక్కటే.

పక్క వాటాలో ఒక టీచరమ్మ ఉండేది. క్రిస్టియన్లు. క్రిస్మసుకు ఇంటి ముందు కాగితపు నక్షత్రం కట్టే ఇల్లు. గోడ మీదుగా పంచె చూసి ఆమె, "అక్కా, రంగు నిలవాలంటే మైనంలో ముంచాల. క్రిస్మసుకు ఇంటింటికీ పాటలు పాడను పోయినప్పటి కొవ్వొత్తుల ముక్కలుండాయి, ఇస్తా పట్టు" అంది. సాయంత్రం పొయ్యి మీద అవి కరుగుతుంటే చూసి నాయన, "ఏమ్మే, స్వామి పందిట్లో మైనమొత్తులేంది?" అన్నాడు. అత్త కరిగిన మైనంలోంచి కన్నెత్తకుండానే, "రంగు స్వామి పల్లకి మీద కారితే ఏం చెప్తావన్నా? ముందు ఆ ముక్క ఇట్ల అందియ్యి" అంది. నాయన అందించాడు.

పల్లకి చెప్పిన వేళకు రావడమన్నది మా వైపు ఎవరూ ఎరగరు. సాయంత్రం రావాల్సింది, దారిలో ఒక్కో అరుగు మీద దిగుతూ, హారతులందుకుంటూ మరునాడు పొద్దున గానీ మా ఊరు చేరలేదు. రాత్రంతా మంచు కురిసింది. వీధి మొదట్లో మిల్లాయన తన వంతుగా కట్టించిన బంతిపూల తోరణం పొద్దుటికి వేలాడిపోయింది. మా పందిరి మాత్రం మంచుబొట్లు మోస్తూ, అప్పుడే విచ్చినట్టు మెరుస్తోంది. స్వామి మెడకు అసలైన పూలదండ చిన్నది ఒకటి అత్త వేరే కట్టింది, దేవుడికి కాగితం వేయకూడదని. నాయన ఎర్ర చారలు కుచ్చిళ్ళలోకి మడిచి, ఆ పంచెతోనే నిటారుగా నిలబడి హారతి పట్టాడు.

పెద్దమనిషి దగ్గరికొచ్చి, తలెత్తి చాలాసేపు చూసి, "ఏందప్పా, చామంతులు ఇంత తాజాగుండాయి, యాడ తెప్పిస్తిరి?" అన్నాడు. నాయన మీసం మీద చేయి కూడా వేయకుండా, "తెప్పించేదేంది? మా ఇంట్లోనే పూసినాయి" అన్నాడు. వెనకాల అత్త కొంగుతో నోరు కప్పుకోవడం నాకొక్కడికే కనబడింది.

అత్త ఉన్నన్నాళ్ళూ హక్కు మాతోనే ఉంది. ఆమె పోయిన ఏడాది నాయన తానే మిల్లాయన ఇంటికి నడిచి వెళ్ళి అప్పగించి వచ్చాడు, ఇంకొకరితో చేయించిన పూలు మా పందిట్లో కట్టడం ఇష్టం లేక. పెట్టెకు మళ్ళీ తాళం పడింది. వారసుడిగా నాకు మిగిలినదల్లా ఆ పెట్టె. ఇన్నేళ్ళూ ఎవరినీ ముట్టనివ్వలేదు.

మొన్న దాన్ని దింపి కోడలి ముందు పెట్టాను. ఏ అర దేనిదో వరసగా చెప్పాను. ఇప్పుడు పక్కగదిలోంచి "కాసులపేరులో గులాబీ పెట్టిందెవరు?" అని మావాడిని కేకలేస్తుంటే, రాస్తున్న కలం ఆగిపోతోంది.

ఈ ఏడు పల్లకి చూడటానికి ఊరికి వెళ్ళాను. అరుగు మీద పందిరి చాలా పెద్దది, మిల్లాయన ఇంటివాళ్ళు కాంట్రాక్టుకిచ్చి వేయించింది, ప్లాస్టిక్ పూలు, మంచుకూ ఎండకూ చెక్కుచెదరవు. పల్లకి ఎప్పటిలాగే ఆలస్యంగా వచ్చింది. జనం దండం పెట్టుకుని ముందుకు సాగిపోయారు. తలెత్తి, ఈ పూలు యాడివని అడిగినవాళ్ళు ఒక్కరూ లేరు. అడిగినా, మా ఇంట్లో పూసినాయని చెప్పడానికి ఆ పందిరి కింద ఏ ఇంటి మనిషీ నిలబడి లేడు.