మేకల హాస్టల్

ఎర్ర మేక కుడితి బకెట్ దగ్గర ఆగింది, వాసన చూసింది, మూతి పక్కకు తిప్పుకుంది. నాకు మొదట భయం వేసింది ఆ క్షణంలోనే.

సాయంత్రం అడవి నుంచి మంద దిగే వేళ మా గూడెంలో ఎవరూ దారి మధ్యలో నిలబడరు. దుమ్ము రేపుకుంటూ వచ్చిన మేకలు ఎవరి ఇల్లు రాగానే అవి విడిపోయి లోపలికి దూకుతాయి. మా అత్త కుడితిలో గుప్పెడు తవుడు ఎక్కువ వేస్తుంది కాబట్టి మావి అన్నిటికంటే ముందు ఉరుకుతాయి. వాటిలో ఎర్రది మహా మొండిది. మిగతావాటిని కుమ్మి బకెట్‌లో తల దూరుస్తుంది. ఆ రోజు అన్నిటికన్నా వెనక నడుచుకుంటూ వచ్చింది. బకెట్ చుట్టూ చోటున్నా తాగలేదు.

గడ్డం పట్టుకుని చూశాను. ముక్కు కారుతోంది. కళ్ల మూలల్లో పుసి గట్టిపడింది. పెదవి ఎత్తితే చిగుళ్ల మీద తవుడు అంటుకున్నట్టు తెల్లటి పొర. నోటి నుంచి కుళ్లు వాసన. ఏమీ తెలియని నా కొడుకు అప్పటికే దాని మెడ చుట్టూ చేతులు వేసి నిలబడ్డాడు. వాణ్ని లాగి ఎత్తుకున్నాను.

ఆ వాసన నాకు తెలుసు. ఏన్కూరు దగ్గర మా అమ్మగారి ఊళ్లో, నేను బడికి వెళ్లే రోజుల్లో, ఇలాగే ఒక్క మేకతో మొదలైంది. ఆ నెల గడిచేసరికి మా దొడ్డిలో కట్టుగొయ్యలే మిగిలాయి. ఏ పశువూ లేని ఆ దొడ్డిని మా అమ్మ చాలా కాలం రోజూ ఊడుస్తూనే ఉండేది.

“రేపు మన మేకల్ని మందలోకి పంపొద్దత్తా,” అన్నాను.

“జలుబు జేసి ఉంటది. ఎండకు తిరిగితే అదే పోతది,” అంది అత్త.

“జలుబు కాదు. మిగతా వాటికి అంటుకుంటది.”

“నీకు పిల్లగాడు తుమ్మినా భయమే, మేక తుమ్మినా భయమే!”

ఆ మాట అబద్ధం కాదు. పిల్లలు దగ్గితే నిద్రలోంచి లేచి కూర్చునే రకం నేను. మా ఆయన సత్తుపల్లి బొగ్గు గనిలో లారీ నడుపుతాడు, వారానికోసారి వస్తాడు. ఫోన్ మోగితే మొదట నాకు చెడే తోస్తుంది. కానీ ఆ రోజు నా భయం గాల్లోంచి పుట్టింది కాదు. అత్త నవ్వుతున్నా వినకుండా ఎర్రదాన్ని ఇంటి వెనక పాత పాకలో విడిగా కట్టాను. మిగిలిన మేకల్ని తెల్లవారి వదలలేదు.

అలా వదలకపోవడానికి మా గూడెంలో ఏ అర్థం ఉందో నాకు అప్పటికి తెలియదు.

మా గూడెంలో మేకలు కాయడానికి జీతగాడు ఉండడు. మేకల్ని వంతు ప్రకారం మేపుతారు. ఇవాళ ఒక ఇల్లు, రేపు పక్క ఇల్లు. ఎవరి వంతు వస్తే వాళ్లు గూడెం మేకలన్నిటినీ అడవికి తోలుకుపోయి సాయంత్రం తెచ్చి అప్పగించాలి. ఎవరైనా తమ మేకల్ని మందకు వదలకుండా కట్టేసుకున్నారంటే, ఆ రోజు వంతు వాళ్లతో తెగతెంపులు చేసుకున్నట్టు. నోరు విప్పి తిట్టక్కర్లేదు. నేను పెళ్లయి వచ్చాక అలాంటిది జరగలేదు, అందుకే నాకెవరూ చెప్పలేదు.

ఆ రోజు వంతు పక్కింటి వదినది. ఆమె మా ఇంటి ముందు నిలబడి నాలిక చప్పరిస్తూ మేకల్ని పిలిచింది. మావి లోపలి నుంచి అరిచాయి గానీ బయటికి రాలేదు. వదిన ముఖం మారిపోయింది.

“ఏందత్తా గిది? నేనేం పాపం జేసిన మీకు?” అని మా అత్తను అడిగింది. “మీ మేకల్ని పులి నోట్లో పెట్టొచ్చిన్నా ఎన్నడన్న?”

మా అత్త సిగ్గుతో చచ్చిపోయింది. నా వైపు తిరిగి కోయలో నాలుగు మాటలు అంది. కోపం వస్తే ఆమెకు తెలుగు రాదు.

నేను ఫోన్ తీసుకుని నీళ్ల ట్యాంకు దగ్గరికి ఉరికాను. మాకు సిగ్నల్ దాని గద్దె మీదే దొరుకుతుంది. మండలంలో పశువుల దవాఖానా ఉంది. కానీ పక్క మండలంలో పోస్టు ఖాళీగా ఉండటంతో రెండూ ఒక్క డాక్టరే చూస్తాడు. నేను చెప్పిందంతా విని ఆయన, “పారుడు రోగం లాగే ఉందమ్మా, మేక నుంచి మేకకు పాకి మందల్నే తుడిచేస్తుంది,” అన్నాడు. మనుషులకు మాత్రం అంటుకోదన్నాడు. అది విన్నాకే నేను ఊపిరి పీల్చుకున్నాను. రోగమున్న దానికి మందులు చెప్పాడు. బాగున్నవాటికి టీకా వేస్తే బతుకుతాయి, కానీ టీకా జిల్లా నుంచి ఐసులో రావాలి, తెప్పించి తానే వస్తాను, అప్పటిదాకా ఏ ఇంటి మేకల్నీ ఇంకో ఇంటి మేకలతో కలవనివ్వొద్దు, టీకా వేశాక కూడా అది ఒంటికి పట్టేదాకా రెండు వారాలైనా ఆపాలి అన్నాడు.

“గూడెం మొత్తం ఆపగలవా?” అని అడిగాడు. ఆపుతానని చెప్పేశాను. ఎలాగో నాకే తెలియదు.

మంద అప్పటికే చేతిపంపు దాటింది. అడ్డంగా వెళ్లి నిలబడ్డాను. జనం పోగయ్యారు. డాక్టరు చెప్పింది చెప్పాను, మా అమ్మగారి ఊళ్లో జరిగింది చెప్పాను. మా డిగ్రీ పుస్తకంలో పశుపోషణ వ్యవసాయానికి అనుబంధ రంగమని రాసి ఉండేది. మా గూడెంలో పత్తి పంట పోయిన ఏడాది ఆ అనుబంధమే అందరికీ అన్నం పెట్టింది. మేకలు పోతే ఏమవుతుందో అక్కడ ఎవరికీ విడమరిచి చెప్పనక్కర్లేదు. అయినా ఎవరూ కదల్లేదు.

“మేకను గట్టేస్తే ఏం తింటదే? నీ డిగ్రీ కాయితం తింటదా?” అన్నాడు ఒక మామ. అందరూ నవ్వారు.

గూడెం పెద్ద మాత్రం నవ్వలేదు. ఆయన భయం వేరు. “వంతు ఒక్కసారి ఆగితే మళ్ల కలుస్తదా బిడ్డా? ఎవరి మేక వాళ్లకే అయితది. ఎవరి ఇల్లు వాళ్లకే అయితది,” అన్నాడు.

అప్పుడే వదిన, చేతిలో కర్ర ఊపుతూ, అందరికీ వినపడేలా అంది: “సదువుకున్న మరదలు గదా, మేకలకు గూడ హాస్టల్ పెడ్తదట! రూమ్‌లల్ల ఉంచి సదివిస్తదట!”

నేను ఆశ్రమ పాఠశాల హాస్టల్లో పెరిగినదాన్ని. నోట్లోంచి దానంతటదే వచ్చింది: “అవ్ వదినా, హాస్టలే. మెస్ మాత్రం నువ్వే నడపాలె. ఇయ్యాల నీ వంతే గదా.”

మళ్లీ నవ్వారు. కానీ ఆ నవ్వులో నాకు దారి కనపడింది. “వంతు ఆగదు పెద్దయ్యా,” అన్నాను. “వంతు ఇల్లు మేకల్ని మేతకు తోలుకపోయే బదులు మేతనే మేకల కాడికి తెస్తది. ఇంటింటి వాకిట్ల ఆకు ఏస్తది. ఇయ్యాల వదిన తెస్తది, రేపు మేం తెస్తం. గూడెం మేకలన్నిటికీ.”

ఇంతలో మా అత్త ముందుకు వచ్చింది. “నా కోడలికి భయం ఎక్కువే,” అంది. “గాని దానికి ముక్కు గూడ మంచిగుంది. పొద్దున నేను గూడ వాసన జూసిన. అది జలుబు వాసన గాదు.”

పెద్దయ్య వదిన వైపు చూశాడు. వదిన ఇంకా కోపంగానే ఉంది. అయినా కర్ర కింద పడేసి, “కొడవలి తెండి మరి,” అంది. “మెస్సంటే మెస్సే.”

రోడ్డు వైపు ఒక రైతు సుబాబుల్ తోట కొట్టిస్తున్నాడు. కర్ర లారీలకెక్కుతుంది, ఆకు చేలోనే ఎండిపోతుంది. మేము అడిగితే తీసుకుపొమ్మన్నాడు. అదొక్కటే పెడితే మంచిది కాదని మళ్లీ ఫోన్ చేసినప్పుడు డాక్టరు చెప్పాడు కాబట్టి పొలం గట్ల మీది మేడి, జువ్వి, తుమ్మ కొమ్మలు కలిపాం. ఇద్దరు మనుషులతో అయ్యే పని కాదని మొదటి రోజే తేలిపోయింది. వంతు ఇంటికి తోడుగా ఎవరికి ఖాళీ ఉంటే వాళ్లు వచ్చారు. సాయంత్రాలు వదిన ఆకు మోపు నెత్తిన పెట్టుకుని వాకిలి వాకిలికీ తిరుగుతూ అరిచేది: “పొద్దున సుబాబుల్ అయింది, మాపు మేడాకు! వంకలు పెట్టేటోళ్లకు తిండి బంద్!” మా పిల్లలు ఆమె వెనకే ప్లేట్లు మోగిస్తూ తిరిగేవాళ్లు.

కట్టేసిన మేకల అరుపులు మాత్రం భరించడం కష్టమైంది. అడవి వైపు చూసి అరిచేవి. కొన్ని తాళ్లు కొరికాయి. ఒకరోజు ఒక బావ విసిగిపోయి తన మేకల్ని విప్పబోతే, వదిన కొడవలితోనే అడ్డం పోయింది. “నీ మేకలు అడవికి పోతే నేను కోసిన ఆకు నువ్వు తింటవా బావా?” అంది. ఆయన మళ్లీ కట్టేశాడు.

ఎర్రది బతకలేదు. నోరు కడిగి, మందు పట్టి, గంజి పోశాం. మూడో పూటకు కాళ్లు చాపేసింది. మా దగ్గర మేకను పూడ్చిపెట్టడం ఎవరూ ఎరగరు. చచ్చినదైనా కోసుకుని పాళ్లు పంచుకుంటారు. మా అత్త ఎవరి మాటా వినకుండా గడ్డపార తీసుకుని లోతుగా తవ్వింది. మట్టి వేసేటప్పుడు ఒక్కసారి ముక్కు చీదింది, అంతే. ఆ తర్వాత వదిన ఇంట్లో ఒక మేకపిల్లకు ముక్కు కారింది. వదిన ఆ పిల్లను గోనెలో చుట్టుకుని మా వాకిట్లోకి వచ్చింది. వేళాకోళం లేదు, వెక్కిరింత లేదు. “పిల్లా, దీని నోరు జర చూడు,” అంది. పొర ఇంకా పలచగానే ఉంది. ఆ రోజు నుంచి దాన్ని కూడా మా పాకలోనే ఉంచి ఇద్దరం మందు పట్టాం. అది లేచింది.

టీకా వచ్చిన రోజే గూడెం దారిలోని వాగు పొంగింది. పైన ఎక్కడో వాన పడింది. డాక్టరు అవతలి ఒడ్డున బండి ఆపి, ఐసు పెట్టెను గుండెకు హత్తుకుని నిలబడి చేతులు ఊపుతున్నాడు. ఇంత వాగుకు వంతెన కావాలని మేము అడుగుతూనే ఉన్నాం, ఎన్నికలప్పుడు వచ్చినవాళ్లు కొలుస్తూనే ఉన్నారు. నీళ్లు నడుము లోతు. ఐసు కరిగితే టీకా పనికిరాదు.

మేము ఆడవాళ్లం చేతులు పట్టుకుని దండలా దిగాం. వదిన ముందు, నేను వెనక. అవతలి ఒడ్డు చేరాక పెట్టె వదిన నెత్తిన పెట్టాం. బియ్యం మూటలు అలాగే దాటిస్తాం, కొత్తేం కాదు. “కదలకు వదినా!” అని నేను అరుస్తుంటే, “నువ్వు అరవకు, నీ అరుపుకే కింద పడేటట్టున్న!” అని ఆమె అరిచింది. డాక్టరు బూట్లు మెడలో వేసుకుని మా చేతులు పట్టుకుని వెనకే దాటాడు. మధ్యలో ఒకసారి కళ్లు మూసుకున్నాడు.

పొడిని కరిగించి కలిపిన టీకా ఎక్కువసేపు నిలవదట. మామూలుగా మేకల్ని పట్టుకోవడానికే సగం పొద్దు పోతుందని, అందుకే సీసాలు వృథా అవుతాయని ఆయన చెప్పాడు. మా దగ్గర ప్రతి వాకిట్లో మేకలు వరసగా కట్టి ఉన్నాయి, ప్రతి వాకిట్లో పట్టుకునే మనిషి ఉన్నాడు. ఆయన ఇంటింటికీ నడవడం, సూది వేయడం, ముందుకు పోవడం. చివరి ఇంటికి చేరేసరికి పెట్టెలో ఐసు ఇంకా గట్టిగానే ఉంది. “నేను మేకలెంట ఉరకని ఊరు గిదొక్కటేనమ్మా,” అని వాకిట్లో కూలబడి మా అత్త ఇచ్చిన అంబలి తాగాడు. ఆయన ముందే వదిన నా వీపు మీద ఒక్క చరుపు చరిచింది. ఇప్పటికీ ఆ మంట గుర్తుంది.

ఆ తర్వాత రెండు వారాలు నేను రోజూ తెల్లవారి ప్రతి ఇంటి మేకల మూతులు చూసి వచ్చేదాన్ని. ఎవరూ నవ్వలేదు. నేను రావడం ఆలస్యమైతే పిలిచేవాళ్లు. ఇంకే మేకకూ రోగం రాలేదు. డాక్టరు మళ్లీ వచ్చి చూసి, వదలొచ్చన్నాడు. వానలకు ముందే టీకాలు వేయాలని, ఐసు నిలిచే పెట్టె ఒకటి గూడెంలోనే ఉండాలని, మాలో ఒకరికి శిక్షణ ఇవ్వాలని అందరం గ్రామసభలో అడిగాం. పెట్టె, శిక్షణ సంగతి చూస్తామన్నారు. వంతెన కొలుస్తామన్నారు.

మంద మళ్లీ ఎవరి వంతుతో మొదలవ్వాలన్న మాట వచ్చింది. పెద్దయ్య నోరు తెరవకముందే వదిన నన్ను చూపిస్తూ, “దాన్నే తోలుకపోనియ్యి. అందరి మేకల ముక్కులు దానికే తెలుసు,” అంది. గూడెం మేకలన్నిటినీ నా చేతికి ఇవ్వడం అదే మొదటిసారి. అంతకుముందు మా ఇంటి వంతుకు అత్తే వెళ్లేది.

ఇప్పుడు పిల్లలు పడుకున్నాక ఇది రాస్తూ ఉంటే ఆ మరుసటి ఉదయం కళ్లముందు కనపడుతోంది. ఇళ్ల ముందు తాళ్లు విప్పగానే మేకలు ఒక్కటొక్కటిగా దూకి, ఒక్క మందై, దారంతా నిండిపోయాయి. బడి లేని రోజు. పిల్లలిద్దరూ చెరో కర్ర పట్టుకుని నాకంటే ముందు నిలబడ్డారు. వాళ్లను ఆపి చెప్పాను.

“మన మేకల్నే చూసుకుంట నడవకండి. ఎవరిదైనా సరే, ఏదైనా వెనకపడ్డా, ఆకు ముట్టకపోయినా, ముక్కు కారినా ఉరికొచ్చి నాకు చెప్పాలె. ఉత్తగ భయపడ్తున్నరని ఎవరన్న నవ్వితే నవ్వనియ్యిండ్రి. చెప్పుడు మాత్రం ఆపొద్దు.”