గోలీ ఆపిన ఎలుకలు

మందులు కాలేయ కణాలను ఎలా పాడుచేస్తాయో ఎలుకల మీద పరిశోధిస్తున్న రోజులవి. ఎనభైల మొదట్లో. జనగామ స్టేషన్లో నా పక్కన కూర్చున్న పెద్దాయన సద్ది విప్పాడు. తెల్లన్నం, పల్చటి మజ్జిగ. పసుపు, నూనె, కారం ఏవీ లేవు. ఆయన కళ్లు మాత్రం పచ్చగా ఉన్నాయి.

“పసిరికలా బాపు?” అని కామెర్ల సంగతి అడిగాను.

“అవు బిడ్డా. పసరు తాగిన, పత్తెం చేస్తున్న. అయినా తగ్గుతలేదు.”

తినడం అయ్యాక జేబులోంచి క్షయ గోలీలు తీశాడు. దవాఖానలో ఒక్క పూట కూడా తప్పొద్దన్నారట. నెలన్నరగా తప్పలేదట. కూరలో పసుపు మానేసిన మనిషి గోలీ మానలేదు.

నేను ఆయన చెయ్యి పట్టుకున్నాను. “ఆ గోలీలతోనే కామెర్లు వచ్చినయేమో బాపు. ఇప్పుడు ఏసుకోకు. ముందుగాల దవాఖానకు పోయి డాక్టరుకు కండ్లు చూపియ్యి.”

నీకెట్ల ఎరుక అన్నాడు. ఎలుకల సంగతి చెప్పాను. ఆయన గోలీలు మళ్లీ పొట్లం కట్టాడు.

“మరి గోలీ ఆపితే ఎలుక కార్జం మల్ల మంచిగైతదా?”

మేం ఏ ఎలుకకూ మందు ఆపలేదు. కోసి, పాడైందని రాసుకునేవాళ్లం, అంతే.

“ఆపి చూడలే బాపు.”

“జర ఆపి చూడు బిడ్డా,” అన్నాడు. ఎక్కాల్సిన రైలు వదిలేసి దవాఖానకు బయల్దేరాడు.

ఆ నెలలోనే ఒక పంజరంలోని ఎలుకలకు మధ్యలో మందు ఆపాను. కొన్ని వారాలకు వాటి కాలేయంలో పాడైన చోట కొత్త కణాలు కనిపించాయి. ప్రయోగశాలలో అందరినీ పిలిచి చూపించాను. అడిగిన మనిషికి చెబుదామంటే, ఆయనది ఏ ఊరో నేను అడగనేలేదు.