సున్నం మామ్మ కాపాడిన ఆరో పన్ను

మా అమ్మమ్మ నోట్లో సొంత పన్ను ఒక్కటీ లేదు. అయినా చుట్టుపక్కల పిల్లల పళ్ల మీద పెత్తనమంతా ఆవిడదే. పళ్ల ఆసుపత్రి వెనక గదిలో ఇరవై రెండేళ్లుగా అచ్చులు పోస్తోంది. ఎత్తుపళ్ల పిల్లలకు తీగ కట్టేముందు డాక్టరుగారు మెత్తటి ముద్ద కరిపించి కొలత తీస్తారు. ఈవిడ రబ్బరు గిన్నెలో తెల్లపొడి నీళ్లతో కలిపి ఆ కొలతలో పోసి, గట్టిపడ్డాక దవడ బొమ్మను ఊడదీస్తుంది. మోచేతుల దాకా తెలుపే. అందుకే అందరూ సున్నం మామ్మ అంటారు. నేను మాత్రం ఆవిడ ఎదురుగా అనను, వీపు విమానం మోత మోగుతుంది.

నాకు ఏడేళ్లప్పుడు కింది దవడలో చివరి పన్ను పుచ్చింది. పెద్ద డాక్టరు సెలవులో ఉన్న రోజే అమ్మ నన్ను ఆసుపత్రికి లాక్కెళ్లింది.

"పాలపన్నేనండీ, పీకేయండి. ఎలాగూ కొత్తది వస్తుంది," అంది.

కొత్తగా చేరిన డాక్టరమ్మ నోట్లోకి సరిగ్గా చూడబోయింది. నేను ఆవిడ వేలు కొరికేశాను. ఇక చూసే ధైర్యం చాలక, అమ్మ మాటే నమ్మి మత్తు సూది అందుకుంది. నా కేకకు అమ్మమ్మ గిన్నెతో సహా పరుగెత్తుకొచ్చింది.

"ఆగండి! ఏ పన్ను?"

"చివరిదేనమ్మా. ఏదీ ఊడకుండానే వచ్చింది, పాలపన్ను కాక మరేంటి? నీ గిన్నె చూసుకో, గడ్డకడుతోంది," అంది అమ్మ.

"కట్టనీ. అందరూ పప్పులో కాలేసేది ఇక్కడేనే! ఆరేళ్లకు ఏదీ ఊడకుండా వెనక ఖాళీలోకి పిల్లిలా వచ్చి కూర్చుంటుంది ఇది."

"నా చిన్నప్పుడు నువ్వు పీకించలేదూ?"

"పీకించాను, తెలివితక్కువదాన్ని. ఆ చోట కొత్తది వచ్చిందా?"

అమ్మ బుగ్గ లోపల నాలుక తిరగడం బయటికే కనిపించింది.

"నోరు తెరువు. కొరికావో, చెవి చేతికొస్తుంది," అని అమ్మమ్మ తెల్లటి వేలు నా నోట్లో పెట్టింది. "ముందు పన్ను నుంచి వెనక్కి ఒకటి, రెండు... అయిదో దాని వరకే పాలపళ్ల వరస. ముందువి ఊడి కొత్తవి వచ్చినా లెక్క మారదు. ఇది ఆరోది, జీవితాంతం ఉండాల్సిన పన్ను. ఇది పోతే దీనికి వారసులు లేరు. ఫోటో తీయండమ్మా."

బడిలో అయిదో ఎక్కం దగ్గరే ఆగిపోయిన నాకు కూడా ఆ లెక్క అర్థమైంది.

ఎక్స్‌రే చూసి డాక్టరమ్మ నుదురు తుడుచుకుంది. "నిజమే మామ్మా. ముందున్న పాలపన్ను కింద కొత్త పన్ను మొలక ఉంది. దీని కింద ఏమీ లేదు. వేరు కూడా ఇంకా పూర్తిగా ఎదగలేదు. పుచ్చు నరం దాకా పోలేదు కాబట్టి పూడిస్తే నిలుస్తుంది."

"అయితే పూడ్చు తల్లీ, ఇంకా చూస్తావేం?"

అరగంటలో పని అయిపోయింది. అప్పటికి గిన్నెలో పొడి రాయైంది. అమ్మమ్మ దాన్ని అక్కడే పడేసి, చేతులైనా కడుక్కోకుండా నా రెక్క పట్టుకుని రోడ్డెక్కింది. దర్జీ దగ్గర ఆగింది, పాలబూతు దగ్గర ఆగింది, బస్సు కోసం నిలబడ్డ వాళ్లనూ వదల్లేదు.

"నోరు తెరువే! చూడండి, ఆరోది! పీకేయబోయారు!"

వెనకాల అమ్మ సంచి మోసుకుంటూ నడిచొస్తోంది. నాలుగో చోట నేను తెరవనని మొండికేశాను.

"తెరువే," అంది అమ్మే. "ఆవిణ్ణి చూపించుకోనీ."