జగన్నాధం పెట్టిన టిక్కు

చీపురుపల్లి స్టేషన్ రోడ్డులో నెట్ సెంటర్ తెరవగానే జగన్నాధం అగరొత్తి వెలిగించి, మౌసుని కళ్ళకద్దుకుని, చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళ మెయిళ్ళు చూస్తాడు. ఉద్యోగాలకి దరఖాస్తు పెట్టేవాళ్ళకి మెయిల్ అడ్రసు తెరిచేదీ, పాస్‌వర్డు దాచేదీ ఆయనే. ఒక్కొక్కటీ తెరిచి చూసే ఓపిక లేక, ఈమధ్య నాలుగైదు మెయిల్ ప్రోగ్రాములు పరీక్షించి, అందరి ఇన్‌బాక్సులూ ఒకేచోట చూపించేదాన్ని ఎంచుకున్నాడు. ప్రకటనల గోల భరించలేక, కొత్త అడ్రసుల నుంచి వచ్చేవన్నీ స్పామ్‌లోకి పోయేలా తనే టిక్కు పెట్టి, ఆ సంగతే మరిచిపోయాడు.

సంతరోజున కుమారి వచ్చింది. నర్సు ఉద్యోగానికి దరఖాస్తు పెట్టుకున్న పిల్ల. "మావయ్యా, నాకేటైనా వచ్చిందేటి?" అంది. ఇన్‌బాక్స్ ఖాళీగా ఉంది. ఎందుకో అనుమానం వచ్చి స్పామ్ తెరిచాడు. ఆసుపత్రి వాళ్ళ ఇంటర్వ్యూ పిలుపు అందులో ఉంది. తేదీ మొన్ననే దాటిపోయింది. జగన్నాధం తెరని కాస్త తనవైపు తిప్పుకుని, శుభ్రంగా ఉన్న కళ్ళద్దాలనే చొక్కా అంచుతో తుడుచుకున్నాడు. "ఏటీ రానేదమ్మా" అన్నాడు. "వస్తాదిలే" అంది కుమారి. "నువ్వు సూస్తన్నావు కదా, నాకు బెంగ నేదు. మా సెల్లి కూడా దరఖాస్తు పెడతాదట. దానికీ ఓ మెయిల్ తెరిసి నీకాడే ఉంచు." ప్రోగ్రాములో కుమారి పేరు కింద చెల్లెలి పేరు చేర్చాడు. తర్వాత సెట్టింగుల్లోకి వెళ్ళి, ఆ టిక్కు తీసేశాడు. కుమారి కుర్చీ వెనక నుంచి తొంగిచూసింది. "అదేటి మావయ్యా, తీసేస్తన్నావు?"

"ఏటీ నేదమ్మా" అన్నాడు జగన్నాధం, తల తిప్పకుండా.