వెనక్కి చూసే గొడుగు బొమ్మ

వీధిలో అతన్ని అందరూ బొమ్మలాయన అంటారు. కంపెనీల గుర్తులకు కదలిక నేర్పడం అతని పని. సబ్బుల కంపెనీ పేరులోని సున్నా బుడగై ఎగరాలన్నా, బూట్ల కంపెనీ గుర్తు నాలుగడుగులు వేయాలన్నా అతని కంప్యూటర్ దగ్గరికి రావలసిందే. "బొమ్మలాడించే వాడికి పిల్లనెవరిస్తార్రా" అని అక్క ఆటపట్టించేది. తల్లి లేని ఇంట్లో అతన్ని పెంచి పెద్ద చేసింది ఆవిడే, ఆ మాత్రం హక్కు ఉంటుంది మరి.

గొడుగుల కంపెనీ వాళ్లు తమ గుర్తులోని ఆడమనిషి బొమ్మను నడిపించమన్నప్పుడు అతను నేరుగా అక్క ఇంటికి వెళ్లాడు. ఈ పనిలో ముందు ఎవరినైనా నడిపించి వీడియో తీసుకుంటారు, ఆ నడక చూస్తూ బొమ్మ గీస్తారు. అక్క చేతికి గొడుగిచ్చి డాబా మీద నడవమన్నాడు.

"వానా లేదు, ఎండా లేదు. పక్కింటి వాళ్లు చూస్తే నాకు పిచ్చెక్కిందనుకుంటారు" అని సణుగుతూనే ఆవిడ గొడుగు విప్పింది. నాలుగడుగులు వేసి, భుజం మీదుగా ఒకసారి వెనక్కి చూసింది.

"వెనక్కెందుకు చూశావు?"

"చూశానా? అలవాటై ఉంటుందిలే. బడికెళ్లేటప్పుడు నీళ్ల గుంట కనిపిస్తే చాలు, నువ్వు అక్కడే ఆగిపోయేవాడివి కదా."

ఆ చూపు కూడా గీశాడు. కంపెనీ వాళ్లకు తెగ నచ్చింది. బజారులో వాళ్ల కొట్టు పైన పెద్ద తెర మీద ఆ బొమ్మ రోజంతా నడిచేది, నడిచి వెనక్కి చూసేది. పని అయ్యాక, కంప్యూటర్లో చోటు చాలక, అక్క వీడియో చెరిపేశాడు. ఈ పనిలో అందరూ చేసేదే. మనిషి కళ్లెదుట తిరుగుతుంటే వీడియో ఎవరు దాచుకుంటారు?

మరుసటి ఏడు అక్క జబ్బు చేసి పోయింది.

బావ గడియారాలు బాగుచేస్తాడు. నలుగురిని కూర్చోబెట్టి నవ్వించే మనిషి కాస్తా ఆవిడ పోయాక మాట్లాడటమే మానేశాడు. సాయంత్రం కొట్టు కట్టేసి, గొడుగుల కొట్టు ఎదురుగా కాసేపు నిలబడి ఇంటికి వెళ్లేవాడు. బొమ్మలాయన ఒకసారి చూశాడు. వెళ్లి పక్కన నిలబడ్డాడు. దాని గురించి ఇద్దరూ ఎన్నడూ మాట్లాడుకోలేదు.

ఇంతలో గొడుగుల కంపెనీకి కొత్త మేనేజరు వచ్చాడు. పాత వస్తువు కనిపిస్తే చేతులు ఊరుకోని రకం.

"ఫోన్లలో జనం అంతసేపు చూడటం లేదండీ. గొడుగు విప్పాలి, మన పేరు పడాలి. ఆ వెనక్కి చూడటం తీసేయండి."

"అదుంటేనే జనానికి గుర్తుంటుందండీ."

"ఎవరి కోసం చూస్తోందో అర్థం కాదు కదా."

నా కోసమండీ అనాలనిపించింది. అనలేదు. అంటే ఏమవుతుంది, అయ్యో పాపం అంటారు, టీ తెప్పిస్తారు, పని ఇంకొకడికిస్తారు. ఎవడో కత్తిరించే కన్నా తన చేత్తోనే జరగనీ అనుకున్నాడు. ఒక్క మీట నొక్కితే అయిపోయే పనికి పూటంతా కూర్చున్నాడు. ఏడ్చాడు కూడా.

కొత్త బొమ్మ తెర మీదికెక్కే రోజు, ముందే చెప్పేద్దామని బావ కొట్టుకు వెళ్లాడు. తలుపులు మూసి ఉన్నాయి. బావ అప్పటికే బజారులో తెర ఎదురుగా ఉన్నాడు.

బొమ్మ గొడుగు విప్పింది. పేరు పడింది. బావ కదల్లేదు, మళ్లీ వచ్చేదాకా ఆగి చూశాడు.

"ఇవాళ తొందరలో ఉన్నట్టుంది" అన్నాడు.

"కాదు బావా. తీసేయమన్నారు. నేనే తీసేశాను."

బావ తెర వైపే చూస్తున్నాడు.

"పాత బొమ్మ నా దగ్గరుంది బావా. నీ ఫోన్లో వేస్తాను. ఎప్పుడు కావాలంటే అప్పుడు చూసుకోవచ్చు."

"ఫోన్లో నేను నొక్కితే చూస్తుందిరా. ఇక్కడ తనంతట తనే చూసేది."

ఇద్దరూ ఇంటి దారి పట్టారు. బావ ముందు నడిచాడు. దారిలో నీళ్ల గుంటలేవీ లేవు. అయినా బొమ్మలాయన కావాలనే కాస్త వెనకబడ్డాడు. మలుపు దాకా ఎవరూ వెనక్కి తిరిగి చూడలేదు.